పాత పడవ మోటారు: పెట్రోలు ఎక్కడ ఆగింది?
(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం నన్ను మాట్లాడమన్నప్పుడు, నేను కంప్యూటర్ల గురించో, వీసాల గురించో చెబుతానని నిర్వాహకులు అనుకున్నారట. రోజూ ఆఫీసులో ఆ గొడవ ఎలాగూ ఉంటుంది. ఆదివారం పూట కూడా అదెందుకు? నేను ఈ రోజు ఒక పాత పడవ మోటారు గురించి మాట్లాడతాను. నవ్వకండి. మన డాలస్ చుట్టూ లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్, లావన్ అని ఎన్ని చెరువులున్నాయో మీకు తెలుసు. మనవాళ్ళలో చేపల సరదా ఉన్నవాళ్ళు ఎక్కువవుతున్నారు. కొత్త మోటారు ధర చూసి గుండె ఆగినంత పనై, పాత అల్యూమినియం పడవ, దానికి తగిలించిన పాత మోటారు కొనుక్కుంటున్నారు. నేనూ అలాగే కొన్నాను. పద్నాలుగు అడుగుల పడవ, 1980ల నాటి 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు. రెండు సిలిండర్లు, ఒకటే కార్బురేటర్.

ముందుగా జరిగిన సంగతి చెబుతాను. రెండేళ్ళ క్రితం మే నెలలో మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చారు. ఒక శనివారం ఆయన్నీ, మా ఆవిడనీ, ఆరేళ్ళ మా అబ్బాయినీ ఎక్కించుకుని లూయిస్‌విల్ చెరువులోకి వెళ్ళాను. మోటారు అంతకుముందు రెండు మూడుసార్లు మధ్యలో ఆగిపోయింది. కార్బురేటర్ విప్పి శుభ్రం చేశాను. మళ్ళీ ఆగితే మళ్ళీ విప్పి, కొత్త గాస్కెట్లు వేశాను. ఇంటి వెనక డ్రమ్ములో నీళ్ళు పోసి నడిపితే గడియారంలా నడిచింది. ఇంకేం, బాగుపడిందనుకున్నాను.

రేవు దగ్గర నెమ్మదిగా వెళ్ళాలి కనుక పది నిమిషాలు మెల్లగా పోనిచ్చాను, బాగానే ఉంది. బయటికి రాగానే త్రాటిల్ పూర్తిగా తిప్పాను. రెండు నిమిషాలు కాకుండానే గొంతు పట్టినట్టు అయి, ఆగిపోయింది. కాసేపాగి తాడు లాగితే అంటుకుంది, మెల్లగా నడిచింది. మళ్ళీ త్రాటిల్ ఇచ్చాను, మళ్ళీ ఆగింది. నాన్నగారు "ఒరే, మెల్లగా పోతోంది కదా, మెల్లగానే ఒడ్డుకి పోనీరా" అన్నారు. నేను వినలేదు. "ఉండండి నాన్నగారూ, ఇది కార్బురేటర్ సంగతి, నాకు తెలుసు" అన్నాను. చోక్ లాగి, తాడు లాగి, మళ్ళీ చోక్ లాగి, చివరికి ప్లగ్గులు పెట్రోలులో మునిగి మోటారు అసలు అంటుకోవడమే మానేసింది. అప్పటికి పడమట మబ్బు పట్టింది. ఉత్తర టెక్సాస్‌లో మే నెల మబ్బు ఎలాంటిదో మీకు చెప్పనక్కరలేదు. గాలికి పడవ రేవుకి దూరంగా కొట్టుకుపోతోంది. మా ఆవిడ ఏమీ అనలేదు. పిల్లవాడి లైఫ్ జాకెట్ బకిల్స్ మళ్ళీ ఒకసారి బిగించింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

అటుగా వెళుతున్న ఒక పెద్దాయన, ఎవరో తెలియదు, తాడు వేసి మమ్మల్ని రేవుకి లాక్కొచ్చారు. మేము పడవని ట్రెయిలర్ మీదికి ఎక్కిస్తుండగానే ఉరుములు మొదలయ్యాయి.

తాడు కట్టుకుని వస్తుండగా నాన్నగారు ట్యాంకు దగ్గర కూర్చుని, గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బుడ్డిని పట్టుకుని చూశారు. "ఇదేంట్రా, చప్పరించిన మామిడి టెంకలా ఇలా అణిగిపోయింది?" అన్నారు. ఆయనకి పడవ మోటారు తెలియదు. కానీ పొలంలో ఆయిల్ ఇంజను నడిపిన మనిషి. "మా ఇంజను ఆగినప్పుడల్లా ముందు నూనె వస్తోందో లేదో చూసేవాళ్ళం. ఇంజను విప్పేవాళ్ళం కాదు" అన్నారు. అసలు జబ్బు ఎక్కడుందో ఆ మాటలోనే ఉంది. నాకు ఇంటికి వచ్చాక గాని బుర్రకెక్కలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పాత అవుట్‌బోర్డు మోటారులో పెట్రోలు ప్రయాణం ఇలా ఉంటుంది. పడవలో ఉన్న ట్యాంకు, దాని మూతకి గాలి లోపలికి పోయే చిన్న స్క్రూ, ట్యాంకు అడుగు నుంచి పీల్చే సన్న గొట్టం, దాని చివర జాలీ. అక్కడి నుంచి రబ్బరు హోస్, మధ్యలో చేత్తో నొక్కే ప్రైమర్ బల్బు. హోస్ చివర మోటారుకి తగిలించే కనెక్టర్. లోపల ఫిల్టరు, పెట్రోలు పంపు, ఆ తరవాత కార్బురేటర్. ఈ పంపుకి కరెంటు ఉండదు. ఇంజను లోపల పిస్టన్లు కదిలినప్పుడు క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి తగ్గుతూ ఉంటుంది. ఆ కొట్టుకోవడానికే ఒక పల్చని పొర ముందుకీ వెనక్కీ ఆడి పెట్రోలుని తోడుతుంది. కార్బురేటర్ అడుగున చిన్న గిన్నె. అందులో మన ఇంటి మీది నీళ్ళ ట్యాంకులో ఉన్నట్టే ఒక ఫ్లోట్, దానికి ఒక సూది. గిన్నె నిండితే సూది దారి మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. గిన్నెలోంచి జెట్ అనే సన్న రంధ్రం ద్వారా పెట్రోలు గాలిలో కలుస్తుంది. నెమ్మదిగా నడవడానికి ఒక దారి, వేగానికి వేరే దారి.

ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా మోటారు చేసే గోల ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అందుకే అందరమూ కార్బురేటర్ మీద పడతాం. కానీ లక్షణాలు జాగ్రత్తగా గమనిస్తే తేడా తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు, తప్పు పెట్రోలుదా, నిప్పుదా తేల్చుకోవాలి. ప్లగ్గు విప్పి నిప్పురవ్వ చూడండి. చూసేటప్పుడు దగ్గరలో పెట్రోలు తడి ఉండకూడదు. రెండు సిలిండర్లకీ కంప్రెషన్ గేజి పెట్టి చూడండి. రెండింటి మధ్య పది శాతం కంటే తేడా ఉండకూడదు. ఇవి రెండూ బాగుంటే అప్పుడు పెట్రోలు దారి పట్టండి. కంప్రెషన్ పోయిన మోటారుకి ఎన్ని కార్బురేటర్లు కడిగినా లాభం లేదు.

రెండో పని, మోటారు ఆగిపోబోతున్న క్షణంలో బల్బుని నొక్కడం. ఇది రూపాయి ఖర్చు లేని పరీక్ష. నొక్కగానే మోటారు తేరుకుంటే, కార్బురేటర్ గిన్నెలోకి పెట్రోలు చాలినంత చేరడం లేదని అర్థం. అంటే తప్పు పంపులోనో, పంపుకి వెనక ట్యాంకు వైపో ఉంది. నొక్కినా మార్పు లేకపోతే అప్పుడు కార్బురేటర్‌ని అనుమానించవచ్చు.

మూడోది, బల్బు ఆకారం. లోపలికి పీల్చుకుపోయి బల్లపరుపుగా అయితే, బల్బుకీ ట్యాంకుకీ మధ్య అడ్డు ఉంది. ముందు ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచి ఉందో లేదో చూడండి. మూసి ఉంటే పెట్రోలు తగ్గేకొద్దీ లోపల గాలి లేక ట్యాంకే వెనక్కి పీలుస్తుంది. మోటారు కొంతసేపు నడిచి ఆగిపోతుంది. మూత వదులు చేయగానే బాగవుతుంది. నేను ఈ పొరపాటూ చేశాను, అది వేరే సంగతి. బల్బు అణగకుండా మెత్తగానే ఉండి, ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది. కనెక్టర్‌లో ఓ రింగు, క్లాంపులు, బల్బు లోపలి వాల్వులు చూడాలి. బల్బు మీద బాణం గుర్తు మోటారు వైపు ఉండాలి. నొక్కేటప్పుడు బాణం పైకి ఉండేలా నిలబెట్టి పట్టుకోండి. లోపలి వాల్వులు సరిగా పనిచేస్తాయి. నొక్కుతూ ఉంటే ఎప్పటికీ గట్టిపడక, కార్బురేటర్‌లోంచి పెట్రోలు బయటికి కారుతుంటే ఫ్లోటు సూది మూసుకోవడం లేదు. అప్పుడు నొక్కడం ఆపెయ్యండి, అది నిప్పుకి ఆహ్వానం.

నా మోటారులో బల్బు అణిగింది. నాన్నగారు వేలితో చూపించినది అదే. మరి డ్రమ్ములో ఎందుకు బాగా నడిచింది? డ్రమ్ములో నడిపేది ఐడిల్‌లో. అప్పుడు తాగే పెట్రోలు బహు కొద్ది. ఇలాంటి టూ స్ట్రోక్ మోటారు పూర్తి వేగంలో పది హార్స్‌పవర్‌కి గంటకి సుమారు ఒక గ్యాలను తాగుతుందని లెక్క. అంటే నాది గంటకి గ్యాలనున్నర. సగం మూసుకుపోయిన గొట్టం ఐడిల్‌కి చాలుతుంది, పరుగుకి చాలదు. బరువు పెట్టకుండా చేసిన పరీక్ష పరీక్ష కాదు. ఈ మాట ఆఫీసులో నేను పదిమందికి చెబుతాను. ఇంట్లో మాత్రం మర్చిపోయాను.

తరవాత వారం ఏం చేశానంటే, ఒక మిత్రుడి ట్యాంకు, హోస్ అడిగి తెచ్చుకున్నాను. పడవని రేవులోనే గట్టిగా కట్టేసి, గేరులో వేసి, త్రాటిల్ ఇచ్చాను. అయిదు నిమిషాలైనా ఆగలేదు. అంటే మోటారు, పంపు, కార్బురేటర్ అన్నీ సరిగానే ఉన్నాయి. తరవాత నా ట్యాంకుకి అతని హోస్ తగిలించాను. బాగానే నడిచింది. అంటే ట్యాంకు కూడా మంచిదే. మిగిలింది నా హోస్. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, అదే కిటుకు. రెండు మార్చి బాగుపడితే, ఏది జబ్బో తెలియకుండానే పోతుంది. ఇంటికి తెచ్చి హోస్‌ని పొడుగునా కోసి చూస్తే, పైకి నిగనిగలాడుతున్న దాని లోపలి పొర అరటిపండు తొక్కలా ఊడి ముడుచుకుపోయి ఉంది. మెల్లగా పీల్చితే పక్కకి ఒరిగి దారి ఇస్తుంది. గట్టిగా పీల్చితే తలుపులా మూసుకుంటుంది. కొత్త హోస్, బల్బు కలిపి నలభై డాలర్ల లోపే అయింది. కార్బురేటర్ రెండుసార్లు కడగడానికి నేను పెట్టిన ఖర్చు అంతకంటే ఎక్కువ.

ఆ పొర ఎందుకు ఊడిందంటే, ఇథనాల్. ఇక్కడ బంకుల్లో దొరికే మామూలు గ్యాసులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత కాలపు రబ్బరు దానికి తట్టుకునేలా చేసింది కాదు. ఊడిన నల్లటి పొట్టు ఫిల్టర్లలోకి, జెట్లలోకి చేరుతుంది. రెండో బాధ నీళ్ళు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. నీళ్ళు సుమారు అరశాతం దాటితే, నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగిపోతాయి. మనం పోసిన ఆయిల్ పై పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకు గొట్టం పీల్చేది అడుగు నుంచే కదా, ఇంజనుకి అందేది ఆయిల్ లేని నీళ్ళ సారాయి అన్నమాట. అనుమానం వస్తే ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి, కాసేపు కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనిపిస్తే అది పనికిరాదు. చెత్తలో పోయకుండా ఊరివాళ్ళు నడిపే ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి. ఇంకొక మాట, కొన్ని బంకుల్లో చౌకగా 15 శాతం ఇథనాల్ ఉన్న గ్యాసు కూడా ఉంటుంది. దాన్ని పడవ మోటార్లలో పోయడం నిషిద్ధం. పంపు మీద అంటించిన కాగితమే ఆ మాట చెబుతుంది. ఇథనాల్ లేని గ్యాసు దొరికితే పాత మోటారుకి అది అన్నిటికంటే మేలు.

ఇప్పుడు నిజంగానే కార్బురేటర్ విప్పవలసి వస్తే ఏం చెయ్యాలో చెబుతాను. చోక్ వేస్తేనే నడుస్తూ, తీస్తే ఆగిపోతుంటే, లేదా ఐడిల్‌లో నిలవకుండా వేగంలో మాత్రం బాగుంటే, లోపలి దారులు పూడి ఉండవచ్చు. నెలల తరబడి గిన్నెలో ఉండిపోయిన పెట్రోలు ఆరి బంకలా, వార్నిష్‌లా పేరుకుంటుంది.

విప్పే ముందు ప్రతి లింకునీ, ప్రతి గొట్టాన్నీ ఫోటో తీసుకోండి. గిన్నె విప్పేటప్పుడు కింద తెల్లటి పళ్ళెం పెట్టుకోండి, పడే చెత్త ఏమిటో తెలుస్తుంది. ఐడిల్ మిశ్రమం సరిచేసే సూది ఉంటే, దాన్ని ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిందో లెక్కపెట్టి రాసుకుని, అప్పుడు విప్పండి. గట్టిగా బిగిస్తే సూది మొన పాడవుతుంది. జెట్లు ఇత్తడివి, సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. కార్బురేటర్ మందు ఘాటైనది. రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లన్నీ తీసేశాకే కొట్టాలి. కళ్ళద్దాలు పెట్టుకోండి, ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి సరిగ్గా కంట్లోకి వస్తుంది. పూడిన జెట్‌లోకి విద్యుత్ తీగలోంచి తీసిన ఒక్క రాగి పోగు పంపండి. ఉక్కు తీగతో, డ్రిల్లు బిట్టుతో గెలికితే రంధ్రం పెద్దదవుతుంది. ఆ తరవాత లెక్కంతా తప్పుతుంది. చివర గాలి కొట్టి, ప్రతి దారీ ఇటు నుంచి అటు తెరిచి ఉందో లేదో వెలుతురులో చూసుకోండి. ఫ్లోటు, సూది, గాస్కెట్లు కొత్తవి వెయ్యండి. ఫ్లోటు ఎత్తు ఎంత ఉండాలో మీ మోటారు సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది.

బిగించాక ఐడిల్ సూదిని మీరు రాసుకున్న చోటికే తిప్పి మొదలుపెట్టండి. నీళ్ళలో, ఇంజను వేడెక్కాక, ఎనిమిదో వంతు చుట్టు చొప్పున తిప్పుతూ ప్రతిసారీ కాసేపు ఆగండి. మోటారు తుమ్మినట్టు చప్పుడు చేస్తే పెట్రోలు తక్కువైందని. అక్కడి నుంచి కొంచెం వెనక్కి తిప్పి వదిలెయ్యండి. కాస్త ఎక్కువ పెట్రోలు తాగినా ఫరవాలేదు, తక్కువ మాత్రం తాగకూడదు.

ఎందుకంటే, టూ స్ట్రోక్ ఇంజనుకి విడిగా ఆయిల్ ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే దాని బేరింగులకీ, పిస్టన్లకీ తడి. పెట్రోలు సగం అందుతోందంటే ఆయిలూ సగమే అందుతోంది. పైగా వేడి పెరుగుతుంది. అలా ఆగుతూ ఆగుతూ ఉన్న మోటారుని త్రాటిల్ ఇచ్చి బలవంతంగా పరిగెత్తిస్తే పిస్టను గీసుకుపోయి, సిలిండరు పట్టేస్తుంది. ఆ రోజు నేను చేసినది సరిగ్గా అదే. ఇంటికి వచ్చి కంప్రెషన్ చూస్తే ఒకటి 110, ఒకటి 105 ఉంది. అదృష్టం తప్ప నా గొప్ప ఏమీ లేదు. ఎన్నో ఏళ్ళ వయసున్న మోటారుకి సిలిండరు పోతే బాగుచేయించడం దాని ధర కంటే ఎక్కువవుతుంది.

ఆయిల్ విషయం: TC-W3 అని మన లిపిలో టీసీ డబ్ల్యూ త్రీ అంటారు, డబ్బా మీద ఆ గుర్తున్న పడవ ఆయిలే వాడాలి. నా మోటారుకి యాభైకి ఒకటి పాలు, అంటే ఆరు గ్యాలన్లకి పదహారు ఔన్సులు. మీ మోటారుకి పాలు వేరే ఉండవచ్చు, మరీ పాతవాటికి ఆయిల్ ఎక్కువ కావాలి, మాన్యువల్ చూడండి. నీళ్ళు లేకుండా ఒక్క నిమిషం కూడా నడపకండి, చల్లబరిచే నీటి పంపులో రబ్బరు చక్రం పాడవుతుంది.

జాగ్రత్తలు నాలుగు మాటల్లో చెప్పి ముగిస్తాను. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున నిలుస్తుంది. చిన్న ట్యాంకులని పడవలోంచి దింపి నేల మీద పెట్టి నింపండి. మూసిన గ్యారేజీలో మోటారు నడపకండి. రెండు మూడు నెలలకి మించి పాతబడిన పెట్రోలు వాడకండి. చెరువు నుంచి వచ్చేముందు హోస్ తీసేసి, గిన్నెలో పెట్రోలు అయిపోయేదాకా నడిపి ఆపండి. పదమూడేళ్ళ లోపు పిల్లలు చిన్న పడవ కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలని టెక్సాస్ చట్టం. మోటారుకి ఆపుడు తాడు ఉంటే ఒంటికి తగిలించుకోండి. మన రాష్ట్రంలో 2019 సెప్టెంబరు నుంచి, ఫెడరల్ చట్టం ప్రకారం 2021 ఏప్రిల్ నుంచి, 26 అడుగుల లోపు పడవలకి అది తప్పనిసరి. నేను ఇప్పుడు ఒక లంగరు, రెండు తెడ్లు, విడి ప్లగ్గులు, ఒక విడి హోసూ పెట్టుకోనిదే రేవు దాటను.

మోటారు మునిగిపోతే, అంటే ప్లగ్గులు తడిసిపోతే, చోక్ మాత్రం వెయ్యకండి. హోస్ తీసి, త్రాటిల్ తెరిచి, పది పదిహేను సార్లు తాడు లాగి, కాసేపు ఊరుకోండి. ఊరుకోవడం అన్నిటికంటే కష్టం. ఒకసారి అంటుకుందా, మెల్లగా నడుస్తోందా, అలాగే మెల్లగా ఒడ్డుకి రండి. మరమ్మతు ఒడ్డు మీద చేసుకోవచ్చు.

మొన్న ఫోనులో నాన్నగారు "పడవ నడుస్తోందా?" అని అడిగారు. నడుస్తోందని చెప్పాను. "బుడ్డి చూస్తున్నావా?" అన్నారు. చూస్తున్నానండీ అన్నాను.

మీరూ చూడండి. సెలవు.